డబ్బాలో పడిన మనిషి

గురువారం ఉదయం పాస్టరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పది గంటలలోపు ఆదివారం ప్రసంగం రాసెయ్యాలి, తర్వాత బూట్లకు పాలిష్ పెట్టుకోవాలి, సాయంత్రం బైబిలు స్టడీకి ముందుగదిలో కుర్చీలు వేయాలి. పదిన్నరకు చూసుకుంటే రెండు జతల బూట్లూ అద్దాల్లా మెరుస్తున్నాయి, కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి, కాగితం మాత్రం తెల్లగానే ఉంది.

ఇది ఆ ఒక్క వారం సంగతి కాదు. నెల రోజులుగా ఆయన లోపల ఏదో ఆగిపోయింది. ఇరవై రెండేళ్లుగా దేవుని వాక్యం చెబుతున్న మనిషి. నోరు తెరిస్తే మాటలు వాటంతటవే వరసలో నిలబడేవి. ఇప్పుడూ నిలబడుతున్నాయి, కానీ వాటి వెనక ఆయన లేడు. మోకరిస్తే మోకాళ్ల నొప్పి తప్ప మరేమీ తెలియడం లేదు. ఈ సంగతి భార్యకు చెప్పలేదు. ఊరందరికీ ధైర్యం పంచిపెట్టే మనిషి తన ఇంట్లో ఒక్కరి దగ్గర బెంబేలు పడటానికి సిగ్గుపడతాడు. ఆమె రెండు రోజులకోసారి "ఏమైంది మీకు?" అని అడిగేది. ఆయన "ఏం లేదు" అనేవాడు. ఆ రెండు మాటలు మాత్రం ఎప్పుడూ తడబడకుండా వచ్చేవి.

ఆదివారం అంశం, క్రియల్లో కనపడని విశ్వాసం. ఒక ఉదాహరణ దొరికితే మిగతాది దానికదే వస్తుందనుకుని, బల్ల మీద భార్య కత్తిరించి పెట్టిన పాత క్యాలెండరు చీటీల్లోంచి ఒకటి లాగి ఇలా రాశాడు:

"ఒక మనిషి. ముప్ఫై మంది మధ్య కూర్చున్నా ఒంటరే. నెల రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. చేసే పని మీద నమ్మకం పోయింది, అలవాటు కొద్దీ చేస్తున్నాడు. భార్యకు చెప్పుకోలేడు. ఆదివారం వస్తోందంటే భయం."

చదువుకుంటే బాగుందనిపించింది. ఆ మనిషెవరో తనకు తెలియదని ఆయన నిజంగానే నమ్మాడు. మనసు తన గుట్టు దాచుకునే చోట్లలో "ఉదాహరణకు ఒక మనిషి" అన్నంత భద్రమైన చోటు మరొకటి లేదు. ఇంతలో ఫోను మోగితే లేచి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి చీటీ లేదు. బల్ల కింద చూశాడు, బూట్లలో కూడా చూశాడు. గాలికి పోయిందనుకుని, ఉదాహరణ లేని ప్రసంగం ఎలాగా అని మళ్లీ తెల్ల కాగితం ముందు కూర్చున్నాడు.

ఆ ఇంట్లో చీటీలు పోయే చోటు ఒకటే ఉంది. అది అల్మారా మీది బిస్కెట్ డబ్బా. బైబిలు స్టడీకి వచ్చేవాళ్లు తమ ప్రార్థన అవసరతను చీటీ మీద రాసి ముందే పాస్టరు భార్యకు అందజేస్తారు. గురువారం సాయంత్రం ఒక్కొక్కరూ ఒక్కో చీటీ తీసి, పైకి చదివి, ఆ వారమంతా దాని కోసం ప్రార్థన చేయాలి. రెండు నియమాలున్నాయి. ఒకటి, పేరు ఉండకూడదు. రాతను బట్టి కూడా మనిషి దొరకకూడదని పాస్టరు భార్య అన్ని చీటీలనూ తన చేత్తో తిరగరాసి డబ్బాలో వేస్తుంది. రెండోది పాస్టరు పెట్టింది: ప్రార్థన చేసి ఊరుకోకూడదు, లేచి వెళ్లి ఏదో ఒక సాయం చేయాలి. మొదటి నియమాన్ని రెండేళ్లుగా అందరూ పాటిస్తున్నారు. రెండోదానికి "ఆమెన్" అంటున్నారు.

ఆ సాయంత్రం పాస్టరు ఈ రెండో నియమం గురించే మాట్లాడాడు. "ఎవరి బాధయినా మీ చెవిన పడిందంటే అది మీకు పని అప్పజెప్పినట్టే. లేవండి, కదలండి" అన్నాడు. అలవాటుగానే గొంతు సరైన చోట పెరిగింది, సరైన చోట తగ్గింది. ఎప్పుడూ ప్రార్థన సగంలో ఉండగానే ఆమెన్ అనేసే పెద్దాయన, అంటే అందరూ ఆమెన్ తాతగారని పిలిచే ఆయన, వాక్యం మొదలవుతుండగానే మూడు ఆమెన్లు పలికాడు. అప్పుడు డబ్బా చేతులు మారింది. ఆసుపత్రిలో పనిచేసే నర్సు ఒక చీటీ తీసి చదవడం మొదలుపెట్టింది.

"ఒక మనిషి. ముప్ఫై మంది మధ్య కూర్చున్నా ఒంటరే..."

పాస్టరు చేతిలోని నీళ్ల గ్లాసు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

చివరి వాక్యం చదివేసరికి నర్సు చీటీతోనే కళ్లు ఒత్తుకుంది. బస్సు డ్రైవరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అది నా ప్రసంగంలో ఉదాహరణ" అని పాస్టరు అప్పుడే అనేస్తే ఈ కథ అక్కడితో అయిపోయేది. అందుకు నోరు తెరిచాడు కూడా. కానీ ఎదురుగా భార్య కూర్చుని తననే చూస్తోంది. పైగా ఇరవై రెండేళ్ల ప్రసంగాలకు రాని కన్నీళ్లు ఐదు లైన్లకు వచ్చాయన్న సంగతి ఆయన లోపలి రచయితను కాస్త ముద్దుచేసింది. భయమూ గర్వమూ కలిసి మనిషి నోరు మూయించాలంటే అర నిమిషం చాలు. "ప్రార్థన చేద్దాం" అన్నాడు. ఆమెన్ తాతగారు "ఆమెన్" అన్నాడు.

పాస్టరు కుర్చీలు మడుస్తున్నంతసేపూ నర్సు, డ్రైవరు, తాతగారు మెట్ల మీద నిలబడి గుసగుసలాడారు.

"ఎవరంటావ్ నర్సక్కా?"

"వెనక వరసలో తలుపు దగ్గర కూర్చునేదెవరు? ఎవరితోనూ మాట్లాడందెవరు?"

"దర్జీ అన్నయ్యా?"

"మొన్న కళ్లు చూశావా, ఎలా ఎర్రబడ్డాయో! పైగా ఆదివారమంటే భయమని రాశాడు. ఆదివారానికి పాటల క్వయర్‌కి గౌన్లు కుట్టి ఇవ్వాల్సింది ఎవరు?"

"ఆమెన్" అన్నాడు తాతగారు, ఈసారి కళ్లు తుడుచుకుంటూ.

శుక్రవారం ఉదయం పాస్టరు దారిన పోతూ దర్జీ కొట్టు ముందు ఆగాడు. లోపల కుట్టు మిషను చప్పుడు లేదు. దర్జీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతని ఒక పక్క బస్సు డ్రైవరు సెలవు పెట్టి మరీ కూర్చుని అతని చెయ్యి పట్టుకున్నాడు. మరో పక్క నర్సు ఫ్లాస్కులోంచి సూపు పోస్తోంది. కత్తెరలు తగిలించే మేకు ఖాళీగా ఉంది.

"అయ్యగారూ వందనాలు" అన్నాడు దర్జీ, మునుగుతున్నవాడికి పడవ కనిపించినట్టు. "నా కత్తెర ఇప్పించండి. ఈవిడ సంచిలో వేసేసుకుంది."

"పదునైన వస్తువులు దగ్గరుండకూడదు అన్నయ్యా. ఇది నా డ్యూటీ" అంది నర్సు.

"నాకేం కాలేదమ్మా!"

"నిద్ర పడుతోందా?"

"ఎక్కడ పడుతుంది? పన్నెండు గౌన్లు కుట్టాలి."

నర్సు డ్రైవరు వంక చూసింది. డ్రైవరు తల పంకించాడు.

"వదినగారు ఏరి?" అనడిగాడు డ్రైవరు, గొంతు బాగా తగ్గించి.

"వాళ్ల అక్క దగ్గరికెళ్లింది. ఆవిడకి మోకాలి ఆపరేషను."

"ఎప్పుడొస్తారు?"

"తెలీదు."

"మరి వదినగారికి చెప్పావా?"

"ఏం చెప్పాలి?"

చీటీలోని నాలుగో లైను గదిలోకి నడిచి వచ్చి స్టూలు మీద కూర్చున్నట్టయింది. నర్సు కప్పు నిండా మళ్లీ సూపు పోసింది.

పాస్టరు గొంతు సవరించుకున్నాడు. "చూడండమ్మా, ఆ చీటీ రాసింది ఈయన కాకపోవచ్చు."

"మరెవరు అయ్యగారూ?"

"అంటే... ఎవరైనా కావచ్చు. అసలు అలాంటి మనిషే లేకపోవచ్చు. ఒక ఊహ కావచ్చు."

డ్రైవరు లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "అర్థమైంది. మీకు ఒంటరిగా చెప్పుకుని ఉంటాడు, మీరు మాట ఇచ్చి ఉంటారు. మీరింకేం చెప్పొద్దు. మీ నోటి నుంచి పేరు రాకుండా మేం చూసుకుంటాం."

ఆయన ఎంత కాదంటే అంత అవునయింది. మధ్యాహ్నానికి నర్సుకు ఇంకో ఆలోచన తట్టింది. పని మీద నమ్మకం పోయినవాడి చేత పని చేయించడం క్రూరత్వం కదా. పన్నెండు గౌన్ల గుడ్డలూ మూడు భాగాలయ్యాయి: నర్సుకు నాలుగు, డ్రైవరుకు నాలుగు, ఆమెన్ తాతగారికి నాలుగు. దర్జీ వీధి చివరి దాకా వాళ్ల వెనక పరుగెత్తాడు. "చేతులు కత్తిరించానుగానీ గుర్తులు పెట్టలేదు! కుడి ఎడమలు కలిసిపోతాయి! బాబూ!" అని అరిచాడు. పరుగెత్తడం మంచి లక్షణమే అంది నర్సు, వెనక్కి చూడకుండా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వీళ్లలో ఎవరికీ తీరిక లేదు. నర్సు రెండు షిఫ్టుల మధ్య నిద్ర మానుకుని సూపు కాచింది. డ్రైవరు ఏడాదికి దొరికే పన్నెండు సెలవుల్లో రెండు వాడేశాడు. తాతగారికి సూదిలో దారం ఎక్కించడానికే గంట పట్టేది. మనుషులు ఇంత పొరపాటుగా, ఇంత నిండుగా ప్రేమించడం పాస్టరు ఎన్నడూ చూడలేదు. తను ఇరవై రెండేళ్లుగా చెబుతూ వచ్చిన మాటను వీళ్లు నమ్మారు. చెప్పినవాడి కంటే ఎక్కువ నమ్మారు. ఆ ఆలోచన ఆయనను ఓదార్చలేదు, గుచ్చింది.

శనివారం ఉదయం దర్జీ భార్య బస్సు దిగి నేరుగా పాస్టరు ఇంటికి వచ్చింది. తొందరలో అక్కగారి చేతికర్ర కూడా పట్టుకొచ్చేసింది.

"అయ్యగారూ, మా ఆయన ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా, కొట్టులో ఉన్నాడు. ఎవరు చెప్పారు నీకు?"

"తాతగారు ఫోన్ చేశారు. 'భయపడకమ్మా, ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు' అన్నారు!"

ఆమె కొట్టుకు వెళ్లింది. వెనకే పాస్టరు కూడా వెళ్లాడు. ఆమె మొగుణ్ని ఆపాదమస్తకం తడిమి చూసుకుని, అన్నీ ఉన్నాయని తేలాక, కర్ర నేలకేసి కొట్టింది.

"ముప్ఫై ఏళ్ల కాపురం! నాకు చెప్పుకోలేని బాధ ఏంటయ్యా నీకు? ఊళ్లోవాళ్లు చెబితే నేను వినాలా?"

"నాకేం బాధ లేదే!"

"అదిగో, మళ్లీ దాస్తున్నాడు!"

ఆమె ఏడుస్తూ అవతలికి వెళ్లాక దర్జీ పాస్టరు చొక్కా అంచు పట్టుకున్నాడు. రెండు రోజుల్లో మనిషి సగమయ్యాడు, అంత సూపు తాగి కూడా. "అయ్యగారూ, ఒక సంగతి అడుగుతా. నాకు తెలీకుండా నాకేమైనా అయిందంటారా? ఇంతమంది చెబుతున్నారు కదా. నిన్నటి నుంచి నన్ను నేనే అనుమానంగా చూసుకుంటున్నా. అద్దంలో మొహం చూస్తే నిజంగానే దిగులుగా ఉంది."

ఒక మనిషి కట్టుకున్న బాధను విప్పి ఇంకో మనిషికి తొడిగితే, అది అతనికి సరిపోవడం మొదలుపెట్టింది. "ఆ చీటీ..." అని పాస్టరు మొదలుపెట్టాడు. దర్జీ ఆపేశాడు.

"పోనీండి. నేనేనని ఒప్పేసుకుంటా. ఒప్పుకుంటే వదిలేస్తారు కదా? రేపు ఆరాధనలో సాక్ష్యం చెప్పమంటున్నారు, మనసుకు నెమ్మది దొరికిందని. నాకు మాటలు రావు. అలాంటి మనిషికి నెమ్మది ఎలా దొరుకుతుందో మీకు బాగా తెలుసు. కాస్త రాసిపెట్టండి."

ఆ రోజంతా పాస్టరు బల్ల ముందు కూర్చున్నాడు. ప్రసంగం రాయలేదు. ఆ మనిషికి నెమ్మది ఎలా దొరికిందో రాయాలి. "ఆ మనిషి లేచి" అని రాసి కొట్టేశాడు. "ఆ మనిషి చివరకు తన భార్యతో" అని రాసి ఆగిపోయాడు. వంటింట్లో భార్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. పది అడుగుల దూరం. కలానికి మూతపెట్టి, ఆ కాగితాన్నే మడిచి దర్జీకి పంపేశాడు.

ఆదివారం ఉదయం తెర పక్కనుంచి క్వయర్ నడిచి వచ్చింది. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. మొదటి వరసలో ఇద్దరికి రెండు చేతులూ ఎడమవే. నర్సు కుట్టిన నాలుగూ గాయాలకు వేసే కుట్లతో అతి శ్రద్ధగా, అతి బిగువుగా ఉన్నాయి. వాటిలో ఉన్నవాళ్లు చేతులెత్తి స్తుతించే వీలు లేదు. డ్రైవరు కుట్టిన వాటికి మెడ దగ్గర వెనకా ముందూ తేడా లేదు. తాతగారు ఒకదానికి తల దూరే దారి వదలడం మర్చిపోయాడు. తన వంతుకు అది వచ్చిన అమ్మాయి దాన్ని భుజాన వేసుకుని, అదే పద్ధతన్నట్టు ధీమాగా నడిచి వచ్చింది. వాళ్లు మాత్రం ఎప్పటికంటే బాగా పాడారు.

దర్జీ ఆ పన్నెండు గౌన్లనూ ఒక్కొక్కటిగా చూశాడు. రెండు రోజులుగా అందరూ అతని ముఖంలో వెతుకుతున్న దుఃఖం అప్పుడు నిజంగా కనిపించింది. సాక్ష్యానికి పిలిస్తే లేచి ముందుకు వచ్చాడు. కాగితం విప్పాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూసి మడిచేశాడు.

"ఇందులో సగమే ఉంది" అన్నాడు. "అందుకని నా మాటే చెబుతా. నాకు నిద్ర బాగానే పడుతుంది. నా పనంటే నాకు నమ్మకం. ఈ గౌన్లు చూశాక ఇంకా పెరిగింది."

నవ్వులు లేచాయి. నర్సు కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

"నేను ఆ మనిషిని కాను. ఒప్పేసుకుందామనే వచ్చా. కానీ ఇప్పుడొకటి తోచింది. నేను కాకపోతే ఆ మనిషి ఇంకొకరున్నారు కదా. ఇక్కడే కూర్చుని ఉంటాడు. రెండు రోజులు నాకు సూపు వచ్చింది, నా చెయ్యి పట్టుకున్నారు, మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. అవన్నీ ఆయనకు రావాల్సినవి. తప్పు చిరునామాకి వచ్చాయి. పాపం, ఆయన ఆకలి మీదే ఉన్నాడేమో." వెళ్లి తలుపు దగ్గర తన చోట కూర్చున్నాడు.

హాలులో ముప్ఫై మంది. పాస్టరు బల్ల వెనక నిలబడి ఉన్నాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆయనకు ఏ మాటా వరసలో నిలబడి దొరకలేదు. అందువల్ల దొరికిన మాటే అన్నాడు.

"ఆ సూపు నాది."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే మళ్లీ చెప్పాడు. "ఆ చీటీ నేను రాశాను. ఉదాహరణ అనుకుని రాశాను. నెల రోజులుగా మీకు నేను చెబుతున్నది నాకే వినపడటం లేదు. గురువారమే చెప్పాల్సింది. మీరు నన్ను ఇదివరకులా చూడరని భయమేసింది. నా బరువు ఈ అన్న మీద పడేసి రెండు రోజులు చూస్తూ ఊరుకున్నాను. ఇవాళ ప్రసంగం లేదు. మీరు నా కోసం ప్రార్థన చేస్తారా?"

అప్పుడు వినిపించింది, ఆమెన్ తాతగారి గొంతు. జీవితంలో మొదటిసారి అది సరిగ్గా వేళకు వచ్చింది. తర్వాత చప్పుడంతా కుర్చీలదే. రెండు ఎడమ చేతులవాళ్లు, చేతులు ఎత్తలేనివాళ్లు, గౌను భుజానేసుకున్న అమ్మాయి, అందరూ ఆయన చుట్టూ మూగారు. డ్రైవరు ఈసారి సరైన చెయ్యి పట్టుకున్నాడు.

ఇంటికి వచ్చాక పాస్టరు వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. పది అడుగులు దాటి వచ్చినందుకు ఆయాసపడుతున్నట్టు ఉన్నాడు.

"నీకు ముందే చెప్పాల్సింది. ఆ చీటీ గాలికి ఎగిరి నీ చీటీల్లో ఎలా కలిసిందోగానీ..."

ఆమె గిన్నె తుడుస్తూనే ఉంది. "గాలికి కాదు."

"మరి?"

"చీటీలన్నీ తిరగరాసేది ఎవరు? చదవకుండా ఎలా రాస్తానండీ? మీ రాత నాకు తెలీదా?"

ఆయన గుమ్మానికి ఆనుకున్నాడు. మూడు రోజులుగా ఆ చీటీ గురించి ఎన్ని కోణాల్లో ఆలోచించాడో! అది భార్య చేతిరాతలో ఉందన్న సంగతి ఒక్కసారీ తట్టలేదు. తెలుసుకోవడం ఇష్టం లేని సంగతి కళ్ల ముందున్నా కనపడదని ఆయనే ఒకసారి ప్రసంగంలో చెప్పాడు.

"నన్నే అడగొచ్చుగా?"

"నెల రోజులు అడిగాను. 'ఏం లేదు' అన్నారు. మనుషులకు చెప్పుకోలేంది డబ్బాలో వేయమన్నది మీరే. మీరు వేయరని నేనే వేశాను." ఆమె గిన్నె బోర్లించి ఆయన వంక తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి, మూతి మీద నవ్వు ఆగడం లేదు. "కానీ అందరూ పోయి పోయి దర్జీ అన్నయ్య మీద పడతారని నాకేం తెలుసు! కూర్చోండి. ఇప్పుడు మొదటినుంచి చెప్పండి."

ఆయన కూర్చున్నాడు. చెప్పడం సాయంత్రం దాకా పట్టింది. ఆ వారం ఆయనకు కాస్త నిద్ర పట్టింది. ప్రార్థనలో మోకాళ్ల నొప్పితో పాటు ఇంకేదో కూడా, చాలా సన్నగా, తెలిసింది.

మరుసటి గురువారం డబ్బాలోంచి నర్సు ఒక చీటీ తీసింది. "ప్రభువా, ఈ ఒక్క వారం నన్నెవరూ పట్టించుకోకుండా చూడు. పన్నెండు గౌన్లు విప్పి మళ్లీ కుట్టాలి. నా కత్తెర ఇంకా తిరిగి రాలేదు" అని ఉంది అందులో.

నర్సు కళ్లు తుడుచుకుని, సూపు పెట్టడానికి లేచింది.